టోపీ కుట్టిన చేతులు

అర్మిద కుర్చీ దుకాణం గుమ్మానికి ఎడమ వైపున ఉంటుంది. కుడి వైపున వేస్తే మధ్యాహ్నం దాకా వెలుతురు చాలదు. వీధిలోకి జరిపితే మునిసిపాలిటీ వాళ్ళు ఊరుకోరు. ఒళ్ళో దిండు, దిండు మీద చిన్న కొయ్య దుంగ, దాని మీద గుడ్డకి కుట్టిన కాగితం, ఆ కాగితం మీద సగం అయిన లేసు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి కళ్ళజోడు ముక్కు చివరకి జార్చుకుని సూది ఆడిస్తుంటే, వెనిస్ నుంచి లాంచీలో వచ్చిన జనం ఆగకుండా పోలేరు. ఆగుతారు, ఫోటో తీస్తారు, ఆ తర్వాత లోపలికి వెళ్తారు. దుకాణం యజమాని లోరెదానా ఆ కుర్చీ వేసింది అందుకే.

లోపల ఉన్న టోపీలు, రుమాళ్ళు, బల్ల గుడ్డలు ఏవీ మా బురానో దీవిలో పుట్టినవి కావు. ఎక్కడో మిషను మీద తయారై అట్టపెట్టెల్లో వస్తాయి. లోరెదానా మాత్రం అబద్ధమాడే మనిషి కాదు. చేతిపని అని ఎక్కడా బోర్డు రాయించలేదు. రాయించే అవసరం లేకుండా గుమ్మంలో మనిషిని కూర్చోబెట్టింది.

"ఎవరైనా ఏమైనా అడిగితే నవ్వండి సియోరా అర్మిదా. మరీ అడిగితే తల ఊపండి. లెక్కలూ ధరలూ నేను చూసుకుంటాను," అని నాలుగేళ్ళ కిందట మొదటిరోజే చెప్పింది. భర్త సాంతే పోయాక అర్మిద మూడు నెలలు తలుపు తీయలేదు. అప్పుడు ఇంటికి వచ్చి, చెయ్యి పట్టుకుని వీధిలోకి తెచ్చినది లోరెదానాయే. చలికాలంలో కాళ్ళ దగ్గర హీటరు పెడుతుంది, మధ్యాహ్నం వేడి వేడి పులుసు పోస్తుంది. అంత చేసినదాని కోసం కాస్త తల ఊపడం పెద్ద పనా అని అర్మిద అనుకునేది. ఇప్పటికి ఎన్నిసార్లు ఊపిందో ఆమెకే తెలియదు.

అక్టోబరు నెల, బుధవారం. పదకొండు గంటల లాంచీ దిగిన జనంలో ఒక ఆవిడ మాత్రం ఫోటో తీయలేదు. అరవై దాటిన మనిషి, బొద్దుగా ఉంది, దళసరి అడుగున్న బూట్లు, భుజాన గుడ్డసంచి. వచ్చి అర్మిద పక్కనే నిలబడింది.

"నేనిక్కడ నిలబడితే మీకు వెలుతురు అడ్డమా, సియోరా?"

"ఇటు పక్కకి రండి. ఆఁ, అలా. ఇప్పుడు నాకూ కనిపిస్తుంది, మీకూ కనిపిస్తుంది."

"ఎంత సన్నం దారం! తెగదూ?"

"తెగకేం. తెగితే తిట్టుకుంటాం, మళ్ళీ ఎక్కించుకుంటాం."

"ఏమని తిట్టుకుంటారు?"

"ఫాదరు వినకూడనివి."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి, మోకాలి మీద చెయ్యి వేసుకుని గుమ్మం మెట్టు మీద కూర్చుంది. పేరు తెక్లా అట, ఊరు ఆద్రియా. అర్మిదకి మామూలుగా అయితే చెయ్యి చూస్తూ కూర్చునేవాళ్ళంటే చిరాకు. ఈవిడ చూసే తీరు వేరుగా ఉంది. ముఖం కేసి చూడదు, సూది ఎక్కడికి పోతుందో అక్కడే చూస్తుంది. బొటనవేలు ఎప్పుడు నొక్కిపెడుతోందో, ఎప్పుడు వదులుతోందో చూస్తుంది. అలా చూస్తుంటే చెప్పాలనిపిస్తుంది కదా. అర్మిద చెప్పింది. బొమ్మ గీసేది ఒకరు. గీత వెంట దారం పరిచి గుడ్డకి కుట్టేది ఇంకొకరు. రేకులు నింపేది ఒకరు, వల వేసేది ఒకరు, అంచు ఎత్తుగా లేచేలా ఉబ్బు కుట్టేది ఒకరు, చివరికి గుడ్డ నుంచి విడదీసేది ఒకరు. ఒకరి పని ఇంకొకరు ముట్టుకోరు. చిన్నప్పుడు ఏ కుట్టు చేతికి వస్తే జన్మంతా అదే.

"మరి మీది?"

"వల. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీ ఉంటుంది చూశారూ, అది నాది. అరవై రెండేళ్ళుగా ఖాళీలే కుడుతున్నాను."

"అది లేకపోతే పువ్వులన్నీ రాలిపోవూ?" అంది తెక్లా.

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. అర్మిదకి సంతోషం వేసి దిండు ఆవిడ వైపు తిప్పింది. సూది కింద నుంచి ఎలా తీయాలో, ముడి ఎంత బిగించాలో నెమ్మదిగా, రెండేసి సార్లు చేసి చూపించింది. దాదాపు గంట గడిచింది. లోపలి నుంచి లోరెదానా రెండుసార్లు దగ్గింది.

చివరికి తెక్లా లేచి లోపలికి వెళ్ళింది. పసిపిల్లల టోపీ ఒకటి తీసుకుని మళ్ళీ వెలుతురులోకి వచ్చింది. తెల్లటి లేసు టోపీ, గడ్డం కింద కట్టుకునే పట్టు రిబ్బన్లు. లోపలి వైపు తిప్పి అతుకు మీద బొటనవేలితో రాసింది. మళ్ళీ పైకి తిప్పింది.

"ఇది మీవాళ్ళు కుట్టినదేనా, సియోరా?"

లోరెదానా కౌంటరు వెనక రసీదు పుస్తకం సర్దుతూ తల ఎత్తలేదు. అర్మిద సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు కళ్ళు కిందికి దించుకుంది. తల ఊపింది.

తెక్లా ఒక్క క్షణం ఆమెనే చూసింది. తర్వాత, "సరే, కట్టి ఇవ్వండి," అంది లోరెదానాతో.

*

ఆవిడ మర్నాడే మళ్ళీ వచ్చింది. తెలిసిపోయింది, తిరిగి ఇవ్వడానికి వచ్చింది అనుకుంది అర్మిద. కానీ తెక్లా చేతిలో టోపీ లేదు. గళ్ళ గుడ్డలో మూట ఉంది. విప్పితే గుమ్మడికాయ కేకు, ఇంకా గోరువెచ్చగా ఉంది.

"మా వైపు చేసుకునేది. మా అమ్మాయి వాళ్ళ పొయ్యి నాకు అలవాటు లేదు, కాస్త అడుగంటింది. అటువైపు కోసి పారేయండి," అంది. తర్వాత మెట్టు మీద కూర్చుని అడగకుండానే చెప్పింది.

మనవరాలు ఏడో నెలలోనే పుట్టింది. పేరు నోయెమి. నలభై రోజులు ఆసుపత్రిలో గాజు పెట్టెలో ఉంచారు.

"నిమ్మకాయంత తల సియోరా. దాని మీద ఉన్ని టోపీ. ఎవరో అల్లి ఆసుపత్రికి ఇచ్చిపోయారట. ఎవరమ్మా అని నర్సుని అడిగితే, చాలామంది ఇస్తారండీ, పేర్లు రాసుకోం అంది. నలభై రోజులూ నేను ఆ గాజు బయట నిలబడి పిల్లని చూసేదాన్ని, ఆ టోపీని చూసేదాన్ని. అది అల్లిన చేతులు ఎలా ఉంటాయో అనుకునేదాన్ని. ఆవిడ దొరికితే కాళ్ళ మీద పడేదాన్ని. దొరకలేదు. చెప్పాల్సిన మాట నాలో అలాగే ఉండిపోయింది." ఆగి, చేత్తో ముక్కు తుడుచుకుంది. "నిన్న మీరు గంటసేపు నాకు మీ చేతులు చూపించారు. ఎవరూ చూపించరు. అందుకని వచ్చాను. అంతే."

ఆదివారం పదకొండింటికి టోర్చెల్లోలో పిల్లకి జ్ఞానస్నానం. అల్లుడు అక్కడి హోటల్లో వంటవాడు. టోర్చెల్లో మాకు ఒక్క స్టాపు దూరం. వీలైతే రండి అని చెప్పి, అర్మిద చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది.

"చూశారా! కొన్నవాళ్ళు కేకు పట్టుకుని తిరిగి రావడం నా ఇరవై ఏళ్ళ వ్యాపారంలో మొదటిసారి. అంతా మీ చలవే," అంటూ లోరెదానా కత్తి తెచ్చి ఒక ముక్క కోసుకుంది. తిని, బావుందని ఇంకో ముక్క కోసుకుంది. అర్మిద నోట్లో పెట్టుకున్నది మింగుడు పడలేదు. నీళ్ళు తాగినా దిగలేదు. ఆ పిల్ల నెత్తిన పెట్టే టోపీకి తన చేతులు తగలనైనా తగలలేదు. తగలని చేతుల్ని ఆవిడ పట్టుకుని నొక్కింది.

ఆ సాయంత్రం అర్మిద ఇంటికి వెళ్ళి బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా దించింది. అందులో పాత కాగితంలో చుట్టిన చిన్న గులాబీ ఉంది. అరచేతిలో సగం ఉంటుంది. పక్కింటి నీవెస్ గీసి, గీత వెంట దారం పరిచి, రేకులు కూడా నింపి ఇచ్చినది. నీవెస్‌కి గీయడమే కాక రెండు కుట్లు కూడా వచ్చు, అదో గర్వం ఆమెకి. దాని చుట్టూ అర్మిద వల వేసింది. ఇద్దరూ కలిసి పని చేసిన ఆఖరు ముక్క. అది పూర్తయిన నెలకి నీవెస్ పోయింది. ఆ తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వాలనిపించలేదు, ఐదేళ్ళుగా డబ్బాలోనే ఉంది. ఇంకా రెండే పనులు మిగిలాయి. ఉబ్బు కుట్టాలి, విడదీయాలి.

వల తప్ప తనకేమీ రాదు. చేతిలో ఉన్నది రెండు రోజులు. నిజంగా చేత్తో కుట్టినది, ఆ గులాబీ అయినా పిల్ల తల మీద ఉండాలి, తల ఊపిన సంగతి తన నోటితో చెప్పాలి. అర్మిద అప్పటికప్పుడు శాలువా కప్పుకుని జెమ్మ ఇంటికి బయల్దేరింది.

*

జెమ్మకి ఎనభై ఒకటి. ఉబ్బు కుట్టులో మా దీవి మొత్తానికి ఆమె తర్వాతే ఎవరైనా. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకుని, ఇప్పుడు ప్రతి ఇంటి గోడ మీదా దుమ్ము కనిపిస్తోందని గోలపెడుతోంది. గులాబీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళకి ఆనించుకుని చూసింది.

"నీవెస్ గీత కదూ ఇది! చూడగానే తెలిసింది. దాని ముక్కు లాగే వంకర."

"పోయినవాళ్ళని ఏమీ అనకూడదు, జెమ్మక్కా."

"ఉన్నప్పుడు అన్నానుగా, పోతే మాత్రం ఎందుకు మానాలి? అది వింటే నవ్వేది." గులాబీని బల్ల మీద పెట్టింది. "ఎవరికే ఇది?"

అర్మిద చెప్పింది. జెమ్మ మధ్యలో అడ్డుపడకుండా వినడం అపురూపం. విని, దారపు ఉండ వెతుక్కుంది.

"రేపు సాయంత్రానికి ఇస్తాను. రేకుల అంచు మాత్రమే ఉబ్బిస్తా, నడుమ ముట్టుకోను. విడదీసేది యోలేనే. వెళ్ళి అడుగు."

అర్మిద శాలువా అంచు సర్దుకుంది.

"ఇంకా మాటల్లేవా మీకు? నాలుగేళ్ళయింది! నా మొగుడు పోయి ముప్ఫై ఏళ్ళు, నేను రోజూ వాడితో పోట్లాడతాను. మీరిద్దరూ ఒక్క వంతెన దూరంలో బతికుండి మాట్లాడుకోరు."

నాలుగేళ్ళ కిందట, అర్మిద కుర్చీలో కూర్చున్న మొదటి వారంలోనే, యోలే వచ్చి దుకాణం ముందు నిలబడి అంత జనంలో, "దుకాణం బొమ్మవయ్యావా? తిప్పడానికి తాళంచెవి వీపు మీద ఉందా?" అంది. పదకొండేళ్ళ వయసులో ఒకే బల్ల మీద కూర్చుని సూది పట్టడం నేర్చుకున్నవాళ్ళు. ఆ రోజు నుంచి యోలే చేపల బజారుకి కూడా అవతలి వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తోంది.

శుక్రవారం సాయంత్రం గులాబీ తీసుకుంటే రేకులు లేచి నిలబడి ఉన్నాయి. వేలితో తడిమితే అంచు తెలుస్తోంది. అర్మిద జెమ్మ రెండు చెంపల మీదా ముద్దు పెట్టుకుంది. ఎంత సంతోషమంటే ఇంటికి వచ్చేదాకా యోలే సంగతి గుర్తు రాలేదు.

*

శనివారం పొద్దున్నే లోరెదానాకి ఫోన్ చేసి ఈరోజు రానని చెప్పింది.

"శనివారం నాడా? సియోరా అర్మిదా, క్రొయేషియా నుంచి పెద్ద ఓడ వస్తోంది. రెండు వందల మంది! ఒంట్లో బావుందా?"

"బానే ఉంది అమ్మాయ్. చిన్న పనుంది."

"ఏం పని?"

"కుట్టు పని."

"నేను మీకు ఏం తక్కువ చేశాను చెప్పండి. ఈరోజు గుమ్మం ఖాళీగా ఉంటే నేను ఇంకొకరిని చూసుకోవాలి. అప్పుడు సోమవారం వచ్చినా కుర్చీ ఉండదు. తర్వాత నన్ను అనకూడదు."

"అననమ్మా. నువ్వు నాకు చాలా చేశావు. అది మర్చిపోను," అంది అర్మిద. ఆ మాట మనసులోంచే వచ్చింది. పెట్టేశాక కాసేపు ఫోను కేసి చూస్తూ కూర్చుంది. ఆ కుర్చీ లేకపోతే పొద్దు ఎలా పోతుందో ఆమెకి తెలియదు. రోజుకి వందమంది ముఖాలు, పిల్లల అల్లరి, లోరెదానా పోసే పులుసు. మళ్ళీ నాలుగు గోడలు. భయం వేసింది. అయినా లేచి బల్ల కిటికీ దగ్గరికి లాక్కుంది.

యోలే దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. విడదీయడం వెయ్యిసార్లు చూసింది. కింద రెండు పొరల గుడ్డ ఉంటుంది. ఆ రెండు పొరల మధ్య బ్లేడు పోనిచ్చి, గీతని గుడ్డకి పట్టి ఉంచిన కుట్లని ఒక్కొక్కటే తెంపాలి. అంతే కదా అనుకుంది. సాంతే గడ్డం బ్లేడు ఒకటి సొరుగులో ఉంది. ఊపిరి బిగపట్టి పొరల మధ్యకి పోనిచ్చింది. మొదటి రేకు బాగానే వదిలింది. రెండోదీ వదిలింది. ధైర్యం వచ్చింది. మూడో రేకు దగ్గర గుడ్డ ముడత పడింది, బ్లేడు మొన పైకి లేచింది. చప్పుడు కూడా కాలేదు. పైకెత్తి చూస్తే వలలో కందిగింజంత చిరుగు.

తన వలని తన చేత్తోనే కోసుకుంది. అరవై రెండేళ్ళలో ఎన్నడూ జరగని పని. అర్మిద బ్లేడు కింద పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏడవడం అయ్యాక ముఖం కడుక్కుని, గులాబీని రుమాల్లో పెట్టుకుని వంతెన దాటింది.

యోలే గుమ్మంలో కూర్చుని చిన్న చేపలు శుభ్రం చేస్తోంది. తల ఎత్తి చూసింది, మళ్ళీ చేప కేసి చూసుకుంది.

"దారి తప్పావా?"

"లేదు."

"ఓడ వస్తోందటగా ఈరోజు. బొమ్మ లేచి వచ్చేస్తే బేరాలెలా?"

అర్మిద రుమాలు విప్పి ఆమె ముందు పట్టింది. యోలే చేప వదిలేసింది. లోపలికి వెళ్ళి చేతులు సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి కడుక్కుని వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది.

"ఎవడు కోశాడు దీన్ని?"

"నేనే."

"నువ్వా? నేనెప్పుడైనా నీ వల జోలికి వచ్చానా? పన్నెండో ఏట నుంచి ఒక్కసారైనా?"

"లేదు."

"మరి నా పనిలో చెయ్యి ఎందుకు పెట్టావే?"

"నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లక."

"మొహం చెల్లక గులాబీ గొంతు కోశావు. బావుంది తెలివి." కానీ అప్పటికే కాలితో ఇంకో కుర్చీ ఇటు జరిపింది. "కూర్చో. ఏం జరిగిందో చెప్పు. మొత్తం చెప్పు."

అర్మిద కూర్చుని మొత్తం చెప్పింది. తల ఊపిన సంగతి చెప్పేటప్పుడు యోలే ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. గాజు పెట్టె, నిమ్మకాయంత తల దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆ కేకు ఏమైంది?"

"సగం దుకాణంలో పోయింది. సగం ఇంట్లో ఉంది."

"దాన్ని తీసుకురా, పొద్దున్నించి ఏమీ తినలేదు. వస్తూ నీ దారం తెచ్చుకో. ముందు ఆ చిరుగు నువ్వు కుట్టాలి. అది కుట్టేదాకా నేను బ్లేడు ముట్టను."

అలా ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ ఆ గుమ్మంలో పక్కపక్కన కూర్చున్నారు. అర్మిద చిరుగు అంచుల్లో తెగిన కొసలని వెతికి పట్టుకుని, వలలోని పాత కళ్ళలోకి కొత్త దారం కలిపి మళ్ళీ వేసింది. పొద్దు వాలుతోందని కుర్చీలు రెండుసార్లు ఎండలోకి జరుపుకున్నారు. చేతులు ఖాళీ లేవని యోలే కేకు ముక్కలు విరిచి అర్మిద నోట్లో పెట్టింది. ఈసారి దిగింది. తర్వాత యోలే తన బ్లేడు తీసింది. దాని వెనక వైపు గుడ్డపేలిక చుట్టి ఉంది, మొన ఎప్పుడూ కిందికే చూస్తుంది. ఆ సంగతి వెయ్యిసార్లు చూసినా అర్మిద గమనించనే లేదు. టిక్, టిక్‌మని ఒక్కొక్క కుట్టూ తెగింది. చివరి కుట్టు తెగగానే గులాబీ గుడ్డని వదిలి దానంతటది లేచింది. యోలే చిన్న పట్టకారుతో వెనకాల మిగిలిన దారపు నలుసులన్నీ ఏరి, ఊది, అర్మిద అరచేతిలో పెట్టింది.

"నీ చిరుగు ఎక్కడుందో చెప్పు చూద్దాం," అంది.

అర్మిద వెతికింది. కనిపించలేదు.

"నాకూ కనిపించలేదు," అంది యోలే. వేరే ఎటో చూస్తూ, "ఆ రోజు తాళంచెవి అన్నాను. అంత జనంలో అనకుండా ఉండాల్సింది," అంది.

"ఇంటికొచ్చి అనాల్సింది."

"ఆఁ. ఇంటికొచ్చి అనాల్సింది."

అర్మిదకి ఆ చేపల వాసన, ఆ గుమ్మం, పక్కన ఆ గొంతు, అన్నీ ఒక్కసారి తిరిగి వచ్చాయి. దేవుడా, ఇంత మంచి రోజు ఇచ్చావా అనుకుంది. పైకి మాత్రం, "చేపలు పాడైపోతాయి, లోపల పెట్టు," అంది.

*

ఆదివారం యోలే కూడా లాంచీ ఎక్కింది. "నిన్ను ఒక్కదాన్నే పంపితే మళ్ళీ తల ఊపి వస్తావు," అంది. టోర్చెల్లోకి ఐదు నిమిషాల ప్రయాణం. మధ్యలో, "రేపటి నుంచి ఏం చేస్తావు?" అని అడిగింది.

"తెలీదు. కుర్చీ పోయింది."

"కుర్చీలకేం, నా ఇంట్లో ఆరున్నాయి. కూర్చునేవాళ్ళే లేరు."

చర్చి ముందు గడ్డి మీద పదిహేనుమంది దాకా ఉన్నారు. తెక్లా ముదురు నీలం గౌనులో, పిల్లని ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పిల్ల నెత్తిన ఆ టోపీ ఉంది. నాలుగు నెలల పిల్ల, ఇంకా గుప్పెడే. అర్మిదని చూడగానే తెక్లా ముఖం విప్పారింది.

"వచ్చారా! రండి, రండి, చూడండి దీన్ని."

అర్మిద పిల్లని చూడకుండానే మొదలుపెట్టింది. చూస్తే చెప్పలేనని భయం. "సియోరా తెక్లా, ఈ టోపీ మావాళ్ళు కుట్టినది కాదు. మిషను మీద చేసినది. నాకు తెలుసు. తెలిసే తల ఊపాను. మీ కేకు తిన్నాను. నన్ను క్షమించాలి. ఇదిగో ఇది మాది, ఇది పిల్లకి." రుమాలు చాపింది. యోలే పక్కన కర్రలా నిలబడి ఉంది.

తెక్లా గులాబీని చూసి అబ్బురపడింది. కానీ టోపీ సంగతికి ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసండీ," అంది.

"ఏం తెలుసు?"

"మిషనుదని. లోపలికి తిప్పగానే తెలిసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు మేజోళ్ళ ఫ్యాక్టరీలో పని చేశాను. వెనక వైపు చూస్తే ఏ మిషనో కూడా చెప్తాను."

యోలే అడిగింది, "మరి ఎందుకు కొన్నారమ్మా?"

"బావుంది కనక. మిషనంటే దానంతటది నడుస్తుందనుకుంటారు అందరూ. పక్కన మనిషి నిలబడాలి. దారం తెగితే పరిగెత్తాలి, సూది విరిగితే తిట్లు తినాలి. సాయంత్రానికి నా కాళ్ళు ఇంతింత లావు వాచేవి. మా మేజోళ్ళు ఎంతమంది తొడుక్కుని ఉంటారు! ఒక్కరైనా నీ చేతులు చూపించమ్మా అని రాలేదు. ఈ టోపీ కూడా ఎక్కడో ఒక పిల్ల నిలబడి చేసిందే. అతుకు చూడండి, ఎంత తిన్నగా వేసిందో. మంచి పనిమంతురాలు." తెక్లా పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది. "ఇంక కేకంటారా, అది టోపీకి కాదు. మీరు చేతులు చూపించినందుకని ఆ రోజే చెప్పాను. మీరు తల ఊపినప్పుడు మాత్రం బాధేసింది సియోరా. నా గురించి కాదు, మీ గురించి. ఇంత మంచి చేతులున్న మనిషికి ఈ తల ఊపడం ఎందుకొచ్చిందా అని."

అర్మిద నాలుగేళ్ళుగా ఆ అట్టపెట్టెల పక్కన కూర్చుంది. అందులోని సరుకుని మనసులో చెత్త అనేది. పెట్టె లోపల నుంచి వచ్చినదానికి చేతులు ఉంటాయని ఒక్కసారి కూడా తోచలేదు. వల కుట్టేదాన్ని, మధ్యలో ఉండే ఖాళీ కుట్టేదాన్ని, ఎవరికీ కనిపించని పనంటే ఏమిటో నాకే తెలియాలి కదా అనుకుంది. సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటు గుండె మీద నుంచి ఏదో బరువు దిగినట్టూ అనిపించింది.

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే యోలే ఈసారి వంగి టోపీ అతుకు కేసి చూసింది. చివరికి, "సూది తెచ్చావుటే? ఫాదరు చూస్తున్నాడు," అంది.

టోపీ విప్పితే పిల్ల రాగం తీసింది. తెక్లా పిల్లని ఊపింది, యోలే టోపీని రెండు చేతులతో సాగదీసి పట్టుకుంది, అర్మిద గులాబీని నుదుటి పక్కన ఆనించి చుట్టూ సన్నగా కుట్టింది. చర్చి మెట్ల మీద అందరూ మూగారు. అల్లుడు మునివేళ్ళ మీద నిలబడి చూశాడు.

"పెద్దయ్యాక దీనికి చెప్పాలి. ఎవరెవరు కుట్టారో పేర్లు చెప్పండి," అంది తెక్లా.

"నీవెస్ గీసింది. రేకులు కూడా తనే నింపింది. ఆవిడ లేదిప్పుడు. వల నాది. ఉబ్బు జెమ్మది. విడదీసినది ఇదిగో, ఈ యోలే."

"నీవెస్, అర్మిద, జెమ్మ, యోలే," అని తెక్లా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇంకో వేలు మడవబోయి ఆగింది. "టోపీ పిల్ల పేరు మాత్రం తెలీదు. ఉన్ని టోపీ ఆవిడది తెలియనట్టే."

లోపల ఫాదరు నోయెమి నుదుటి మీద నీళ్ళు పోశాడు. పిల్ల ఏడవలేదు, తుమ్మింది, అందరూ నవ్వారు. తర్వాత ఆయన, ఎవరికి ఎవరి పట్ల కృతజ్ఞత ఉందో వాళ్ళని మనసులో తలుచుకోమన్నాడు. అర్మిద కళ్ళు మూసుకుంది. నీవెస్‌ని తలుచుకుంది, జెమ్మని, యోలేని తలుచుకుంది. వేడి పులుసు పోసిన లోరెదానాని కూడా తలుచుకుంది. ఆ తర్వాత ఎక్కడో, ఏ ఊళ్ళోనో, మిషను పక్కన నిలబడి ఉండే ఆ పిల్లని తలుచుకుంది. ముఖం ఊహకి అందలేదు. తిన్నని అతుకు ఒక్కటే కళ్ళ ముందు కనిపించింది. సాయంత్రానికి ఆ పిల్ల కాళ్ళు వాచకుండా ఉండాలని దేవుణ్ణి కోరుకుంది.